మర్దన: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు

రాజమండ్రిలో ఫిజియోథెరపీ చేస్తాను. పద్నాలుగేళ్లయింది. రోజుకి ఒక్కరైనా బల్ల మీద బోర్లా పడుకుని, మొహం ఆ కంతలో పెట్టి, కిందనుంచే అడుగుతారు: "మేడమ్, దీంతో నిజంగా తగ్గుతుందా?" వాట్సాప్‌లో అయితే అర్ధరాత్రి కూడా వస్తాయి. అనుమానాలు అవే, అడిగే మనుషులే వేరు. ఒకచోట రాసి పెట్టుకుంటే లింకు పంపించేసి నిద్రపోవచ్చు కదా అని ఇది రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, మొదటినుంచీ చదవక్కర్లేదు.

## వెళ్దామా వద్దా అని ఊగిసలాడుతుంటే

మర్దనతో నిజంగా ఉపయోగం ఉందా, ఆ గంటసేపు హాయిగా ఉంటుందంతేనా?

ఉపయోగం ఉంది. ఎన్నాళ్లు ఉంటుందన్నదే అసలు సంగతి. నడుం నొప్పి మీద జరిగిన 25 పరిశోధనల్ని కలిపి చూసి, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2015లో ఒక సమీక్ష ఇచ్చింది. మర్దనతో నొప్పి తగ్గుతోంది కానీ కొద్దికాలమే, పైగా ఆధారాలు అంత గట్టివి కావు అని తేల్చింది. 2011లో అమెరికాలో 401 మంది దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్నవాళ్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. వారానికొకసారి చొప్పున పది వారాలు మర్దన చేయించుకున్నవాళ్లు, మామూలు వైద్యంలో ఉన్నవాళ్లకంటే బాగా తేరుకున్నారు. ఆరు నెలలకి ఆ తేడా కొంత మిగిలింది. ఏడాది తిరిగేసరికి దాదాపు కరిగిపోయింది.

నేను చూసేదీ అదే. మర్దన నొప్పికి కాస్త విరామం ఇస్తుంది. ఆ రెండు మూడు రోజుల్లో మీరు నడిచారా, చెప్పిన వ్యాయామం చేశారా, కంటినిండా నిద్రపోయారా అన్నదాన్నిబట్టి మిగతాది తేలుతుంది. అన్నీ నా చేతుల మీదే వదిలేసినవాళ్లు మూడు నెలలకి మళ్లీ అదే నొప్పితో వస్తారు. నాకు ఫీజు వస్తుంది, వాళ్లకేం రాదు.

ఏ నొప్పులకి పనిచేస్తుంది? డిస్కు ఉన్నవాళ్లు చేయించుకోవచ్చా?

నడుం కొత్తగా పట్టేసినప్పుడు మాత్రలకంటే ముందు కాపడం, మర్దన లాంటివి చూడమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లోనే వైద్యులకి చెప్పింది. అదే నొప్పి మూడు నెలలు దాటితే వాళ్లు ముందు పెట్టింది వ్యాయామం, యోగా వంటివాటిని. ఆ రెండో జాబితాలో మర్దన లేదు. మెడ నొప్పికి మోతాదు ముఖ్యం: 2014లో 228 మందిని పరిశీలిస్తే, గంట చొప్పున వారానికి రెండు మూడుసార్లు చేయించుకున్నవాళ్లకి గుణం కనబడింది, అరగంటలతో సరిపెట్టినవాళ్లకి పెద్దగా లేదు. మోకాళ్ల అరుగుదలకి వారానికో గంట చొప్పున ఎనిమిది వారాలు చేసి చూస్తే నొప్పి, బిగుసుదనం తగ్గాయి. కీలులో ఎముకల మధ్య అరిగిన మెత్తటి మృదులాస్థి మాత్రం తిరిగి పెరగదు. "అరుగుదల పోగొడతాం" అనే బోర్డు చూస్తే ఆటో ఆపకండి.

డిస్కు జారి నరం నొక్కుకుంటే, చుట్టూ బిగుసుకున్న కండరాలు వదులవుతాయి, నరం మీది ఒత్తిడి పోదు. కాల్లో బలం తగ్గుతున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా, కూర్చునేచోట మొద్దుబారినా మర్దన మాట మర్చిపోయి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

మనసుకి కూడా మంచిదంటున్నారు. దిగులుకి ఒళ్లు పట్టించుకోవడమేంటండీ?

ఈ ప్రశ్న మగవాళ్లు ఎక్కువ అడుగుతారు, కాస్త నవ్వుతూ. చెబుతాను వినండి.

మన చర్మంలో నొప్పికీ వేడికీ వేరు వేరు నరాలున్నట్టే, నెమ్మదైన స్పర్శని మాత్రమే పట్టుకునే సన్నని నరాలున్నాయి. సెకనుకి ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చెయ్యి నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. అమ్మ వీపు నిమిరే వేగం అది. ఎవరూ కొలిచి నిమరలేదు, ఒంటికే తెలుసు. ఆ కబురు మెదడులో 'ఎక్కడ తగిలింది' అని లెక్కచూసే చోటికంటే, 'ఎలా అనిపిస్తోంది' అని చూసే చోటికి ఎక్కువ వెళ్తుంది. గుండె వేగం తగ్గుతుంది, ఊపిరి నిదానిస్తుంది.

2004లో 37 పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు అన్నిటికంటే పెద్ద గుణం కనిపించింది కండరాల్లో కాదు, ఆందోళనలోనూ దిగులులోనూ. అదీ ఒక్కసారికి రాలేదు, వరసగా చేయించుకుంటే వచ్చింది. "కార్టిసాల్ (ఒత్తిడి హార్మోను) తగ్గిపోతుంది" అని స్పా బ్రోషర్లలో రాస్తారే, అది మాత్రం అతిశయోక్తి. 2011లో లెక్కలు మళ్లీ సరిచూస్తే ఆ తగ్గుదల చాలా స్వల్పమని తేలింది. గుణం ఉంది, కారణం అది కాదు.

మా దగ్గరికి ఒకావిడ భుజం బిగుసుకుపోయి వచ్చేవారు. అరవై దాటాయి, భర్త పోయి ఆరేళ్లు, పిల్లలిద్దరూ విదేశాల్లో. చెయ్యి ఎంతవరకు లేస్తోందో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని. మూడోరోజు వ్యాయామానికి ముందు భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా పడుతుంటే కళ్లవెంట నీళ్లు. "నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాను. "లేదమ్మా. మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్లయిందో," అన్నారు. ఆ రోజు గీత నాలుగు వేళ్లు పైకి వెళ్లింది. అందులో నా పనితనం ఎంతో నేను చెప్పలేను.

ఒక్కమాట. చనిపోవాలనిపిస్తున్నా, వారాల తరబడి తిండీ నిద్రా లేకపోయినా ముందు సైకియాట్రిస్టు. మందులు వాడుతూ మర్దన చేయించుకోవచ్చు. మందులు మానేసి మర్దన మాత్రం వద్దు. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరు 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

నాన్నమ్మ నూనె పెట్టి పట్టడం, కేరళ ఆయుర్వేదం, స్పాలో స్వీడిష్: అన్నీ ఒకటేనా?

చెయ్యి ఒకటే, చేసే పని వేరు. ఆయుర్వేదంలో అభ్యంగనం రోజూ చేసుకోవలసిన దినచర్య. పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు తలకీ, చెవులకీ, పాదాలకీ ప్రత్యేకంగా చేయమన్నాడు, అజీర్ణం ఉన్నప్పుడు వద్దన్నాడు. భోగికీ దీపావళికీ తలంటు పోసుకునే అలవాటులో మిగిలింది దాని ముక్కే. అక్కడ ప్రధానం నూనె. స్వీడిష్ మర్దనలో ప్రధానం చేతి కదలిక. నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం అంటూ ఆ వరసకి ఫ్రెంచి పేర్లు పెట్టి స్థిరపరచినవాడు స్వీడన్ మనిషి కూడా కాదు, మెట్స్‌గర్ అనే 19వ శతాబ్దపు డచ్చి వైద్యుడు. మా క్లినిక్కుల్లో చేసేది అవసరమైన కండరం వరకే, పది పదిహేను నిమిషాలు, తర్వాత వ్యాయామం. హాయి కావాలంటే నూనె మర్దనో స్వీడిషో, పట్టేసిన మెడ తిరగాలంటే మా క్లినిక్కు మర్దన. పైన చెప్పిన 401 మంది అధ్యయనంలో తమాషా ఏమిటంటే, హాయికోసం చేసిన మర్దనకీ, కండరాలు వెతికి చేసిన మర్దనకీ గుణంలో తేడా కనబడలేదు. మా వృత్తివాళ్లం ఆ సంగతి అంత గట్టిగా చెప్పుకోం.

మంచివాళ్లని ఎలా గుర్తుపట్టాలి?

చెయ్యి వేసే ముందు ఎన్ని ప్రశ్నలు అడిగారో చూడండి. బీపీ, షుగరు, ఆపరేషన్లు, వాడే మందులు, గర్భం, ఎక్కడ నొప్పి: ఇవేవీ అడక్కుండా "పడుకోండి" అన్నారంటే లేచి వచ్చేయండి. నొప్పి చికిత్సకైతే డిగ్రీ ఉన్న ఫిజియోథెరపిస్టు, తైల చికిత్సలకైతే బీఏఎంఎస్ చదివిన ఆయుర్వేద వైద్యుల పర్యవేక్షణ ఉన్నచోటు. మొదటిరోజే ఇరవై సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టేవాళ్లు ఎవరైనా సరే, ఎంత డిగ్రీ ఉన్నా సరే, నాకు నచ్చరు.

ఎవరు అసలు చేయించుకోకూడదు?

అన్నిటికంటే ముందు: ఒక్క పిక్క వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే దాన్ని ఎవ్వరూ పిసకకూడదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ తర్వాత మంచం మీద ఉన్నవాళ్లకీ, అమెరికా నుంచి ఇరవై గంటలు కూర్చుని వచ్చినవాళ్లకీ, బాలింతలకీ ఈ భయం ఎక్కువ. "ప్రయాణం బడలిక, కాస్త కాళ్లు పట్టండి" అని ఒక కుటుంబం తీసుకొచ్చింది. రెండు పిక్కల చుట్టుకొలత టేపుతో చూస్తే ఎడమది మూడు సెంటీమీటర్లు ఎక్కువ. చెయ్యి వేయకుండా స్కానుకి పంపాను. గడ్డే.

జ్వరం, చర్మం మీద పుండ్లు, అంటువ్యాధి, కొత్తగా విరిగిన ఎముక ఉన్నప్పుడు కూడా వద్దు. షుగరువల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకి వేడి నూనె, వేడి కాపడం ప్రమాదం, కాలినా తెలియదు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకి గట్టి ఒత్తిడి వద్దు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకి మృదువైన మర్దన సాంత్వననిస్తుంది, కానీ వాళ్ల డాక్టరు ఒప్పుకున్నాకే, కణితి ఉన్నచోటు వదిలేసి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు తప్పకుండా చెప్పండి. ఇది నా తప్పు నేర్పిన పాఠం. కొత్తల్లో ఒక పెద్దాయన వీపు బాగానే గట్టిగా పట్టాను. మర్నాడు వాళ్లబ్బాయి ఫోటో పంపాడు, వీపంతా నేరేడుపండు రంగు. ఆయన గుండెకి వాల్వు వేయించుకుని మాత్రలు వాడుతున్నారు. నేను అడగలేదు.

## బల్ల మీద పడుకున్నాక

బట్టలన్నీ తీసేయాలా?

అక్కర్లేదు. పనిచేసే భాగం మాత్రమే తెరిచి మిగతాది దుప్పటితో కప్పి ఉంచాలి. ఆడవాళ్లు ఆడ థెరపిస్టు కావాలని అడగొచ్చు, తోడు కూర్చోబెట్టుకోవచ్చు. ఇబ్బందనిపిస్తే మధ్యలో "ఆపండి" అనండి. కారణం చెప్పనక్కర్లేదు.

గట్టిగా నొక్కితేనే కదా పనిచేసేది?

"ఇంకా గట్టిగా మేడమ్, డబ్బులిస్తున్నాం కదా" అన్నవాళ్లున్నారు. పదికి నొప్పి ఆరు దాటితే కండరం వదలదు, ఎదురు బిగుసుకుంటుంది. గుర్తు ఒకటి చెప్తాను: మీరు ఊపిరి బిగబట్టారంటే ఒత్తిడి ఎక్కువైనట్టే. "హా, అక్కడే" అనిపించే తీపినొప్పి చాలు.

వేలికి తగిలే ఆ ముడులేంటి? కరుగుతాయా?

భుజానికీ మెడకీ మధ్య తగిలేవేగా. ట్రిగ్గర్ పాయింట్లు అంటారు. అవి సరిగ్గా ఏమిటన్న దాని మీద పరిశోధకులకే ఏకాభిప్రాయం లేదు. నొక్కిపట్టి ఉంచితే ముప్పై సెకన్లలోనో నిమిషంలోనో మెత్తబడతాయి, మర్నాడు ల్యాప్‌టాప్ ముందు అదే వంకరలో కూర్చుంటే మళ్లీ వస్తాయి. మెత్తబడింది బహుశా కండకంటే నరాల వ్యవస్థ. చిన్నప్పుడు మోకాలు కొట్టుకుంటే వెంటనే చేత్తో రుద్దుకునేవాళ్లం కదా. స్పర్శ కబురు నొప్పి కబురుకి వెన్నుపాములోనే అడ్డుపడుతుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు 1965లో ప్రతిపాదించారు. ఆ తర్వాత దానికి చాలా సవరణలు వచ్చాయిగానీ మూలం నిలిచింది.

నిజంగా గట్టిగా, కదలకుండా, పెరుగుతూ ఉన్న గడ్డ అయితే ముడి అనుకోకుండా డాక్టరుకి చూపించండి.

ఏ నూనె మంచిది?

చెయ్యి జారడానికి ఏ నూనైనా ఒకటే. చలికాలం నువ్వుల నూనె, ఎండాకాలం కొబ్బరి నూనె మనకి అలవాటు. ఘాటైన బాములు చర్మాన్ని చల్లబరిచో మండించో నొప్పిని మరిపిస్తాయి. నూనె ఎముకదాకా ఇంకిపోతుందన్నది మాత్రం నమ్మకండి. ఆవనూనెతో కొందరికి దద్దురు వస్తుంది. ముందు మోచేతి లోపలివైపు రాసి ఒకరోజు చూడండి. గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకండి, వేడినీళ్లలో ఉంచితే చాలు.

చివర్లో మెడ టక్కుమనిపిస్తారు కదా, అది చేయించుకోవచ్చా?

సెలూన్‌లో గడ్డం గీశాక ఉచితంగా చేసేదేగా? వద్దు. మెడ ఎముకల పక్కనుంచి మెదడుకి వెళ్లే రక్తనాళాలున్నాయి. ఒక్క ఉదుటున తిప్పితే అరుదుగానైనా నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వస్తుంది. 2022లో హైదరాబాద్‌లో పార్లర్‌లో తల కడిగించుకుంటూ మెడ వెనక్కి వాల్చిన ఒకావిడకి స్ట్రోక్ రావడం పేపర్లలో చదివే ఉంటారు. టక్కుమన్న చప్పుడు కీలులోని వాయువుది, ఎముక సర్దుకున్న చప్పుడు కాదు. మెడ తిప్పించుకున్నాక కళ్లు తిరిగినా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

## ఇంటికి వచ్చాక

మర్నాడు ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. ఏమైనా తేడా చేసిందా?

మొదటిసారైతే ఒకటి రెండు రోజులు సలుపు మామూలే. గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేసి, నడవండి. మూడురోజులు దాటినా తగ్గకపోయినా, తిమ్మిరి, కమిలిన మచ్చలు, కొత్త వాపు వచ్చినా చేసినవాళ్లకి చెప్పండి, డాక్టరుకి చూపించండి. "నొప్పి బయటికొస్తోంది, మంచిదే" అనే మాట వింటే ఒప్పుకోకండి.

విషాలు బయటికి పోతాయట కదా, లీటరు నీళ్లు తాగమన్నారు?

ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తున్నాయి, మర్దన లేకుండానే. దాహమేస్తే తాగండి. వ్యాయామంతో కండల్లో చేరే లాక్టిక్ యాసిడ్‌ని మర్దన బయటికి పంపేస్తుందని జిమ్ములో చెప్పే కథ కూడా అంతే, వ్యాయామం ఆపిన గంటలోపు అది మామూలుకొచ్చేస్తుంది. 2012లో 11 మంది కుర్రాళ్లకి సైకిలు తొక్కించి, ఒక తొడకే పది నిమిషాలు మర్దన చేసి, రెండు తొడలనుంచీ చిన్న కండముక్కలు తీసి చూశారు. లాక్టిక్ యాసిడ్‌లో తేడా లేదు. కానీ మర్దన చేసిన తొడలో వాపుని రేపే సంకేతాలు తగ్గాయి. నిజం కథకంటే బాగుంది కదా.

బరువు తగ్గుతుందా? బీపీ మాత్రలు మానేయొచ్చా?

తగ్గదు. మానకూడదు. బీపీ ఆ కాసేపు కొద్దిగా దిగుతుంది, అందుకే బల్ల మీదనుంచి దిగ్గున లేవకండి, కూర్చుని, తర్వాత నిలబడండి.

ఎన్నిసార్లు చేయించుకోవాలి?

నొప్పికైతే వారానికి ఒకటి రెండుసార్లు, నాలుగు వారాలు. అప్పటికీ తేడా కనబడకపోతే ఆపేయండి, కారణం వేరే ఉంటుంది. హాయికోసమైతే మీ ఇష్టం, మీ జేబు ఇష్టం.

## ఇంట్లో చేసుకునేవాళ్లకి

పసిబిడ్డకి నలుగు పెట్టి గట్టిగా రుద్దితేనే ఎముకలు గట్టిపడతాయంటోంది మా అత్తయ్య. నిజమేనా?

గట్టిగా రుద్దడానికీ ఎముకలకీ సంబంధం లేదు. కానీ అత్తయ్యగారి మాట పూర్తిగా కొట్టెయ్యకండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి రోజుకి మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున, పదిరోజులు ఒళ్లు నిమిరి కాళ్లూ చేతులూ కదిలిస్తే, మిగతా పిల్లలకంటే రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం 1986లోనే చూపించింది. కాళ్లు చాపుకుని, పిల్లని కాళ్ల మీద వేసుకుని, పాట పాడుతూ నూనె రాసే పద్ధతి చక్కటిది. అది ఉండనివ్వండి.

మానిపించాల్సినవి వేరే ఉన్నాయి. ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు, ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కర్పూరం కలిపిన నూనె వద్దు, ఫిట్స్ రావచ్చు. బిడ్డ రొమ్ములు పిండకూడదు, చీము పట్టొచ్చు. ముక్కు నొక్కితే ముక్కు కోటేరు కాదు. శనగపిండి గరుకుతో లేత చర్మం రేగిపోతుంది. పాలు తాగిన వెంటనే చేయకండి. బిడ్డ మొహం తిప్పుకుని ఏడిస్తే ఆ పూటకి ఆపేయండి.

మసాజ్ గన్ కొన్నాను. ఎలా వాడాలి?

తొడ, పిరుదు, పిక్క లాంటి కండ ఉన్నచోట, ఒక్కోచోట నిమిషం రెండు నిమిషాలు, తక్కువ వేగంలో. మెడ ముందువైపు, వెన్నెముక మీద, కీళ్ల మీద పెట్టకండి. అతిగా వాడి కండరం చితికి ఆస్పత్రిపాలైన కేసు వైద్యపత్రికల్లో ఉంది. మూత్రం కోలా రంగులోకి మారితే ఆలస్యం చేయకండి.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకుంటే నడుం పట్టు వదులుతుందట?

మా ఊళ్లో ఒక పిన్నిగారికి ఈ డిమాండ్ బాగా ఉండేది, పొద్దున్నే వాకిట్లో ఇద్దరు ముగ్గురు నిలబడేవాళ్లు. కొత్తగా పట్టేసిన నడుం చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది, పేరు పిన్నిగారికి వచ్చేది. ఆవిడ కాలు మెల్లగా తాకించేది కాబట్టి నష్టం లేదు. నిజంగా తన్నేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

రాత్రిళ్లు అమ్మ కాళ్లు లాగేస్తున్నాయంటుంది. ఎలా పట్టాలి?

ముందు రెండు పిక్కలూ చూడండి, ఒకటే వాచి లేదు కదా. చేతులు రుద్దుకుని వెచ్చబరచుకోండి. ఒక చెంచాడు గోరువెచ్చటి నువ్వుల నూనె చాలు. చీలమండ దగ్గర మొదలుపెట్టి, రెండు అరచేతులతో కాలిని చుట్టి, మోకాలివైపు నెమ్మదిగా నిమరండి. కిందికి వచ్చేటప్పుడు చెయ్యి ఆనీ ఆననట్టు. ఇలా పదిసార్లు. తర్వాత పిక్కని అరచేతి మడమతో మెల్లగా పిసకండి, వేళ్ల కొసలతో గుచ్చకండి. పాదానికి బొటనవేళ్లతో మడమ నుంచి వేళ్లదాకా. ఒక్కో కాలికి ఏడెనిమిది నిమిషాలు. లాగుడు రోజూ ఉంటే రక్తపరీక్ష చేయించండి: షుగరు, థైరాయిడ్, ఐరన్, విటమిన్ డి.

అయిపోయాక అరికాళ్లు పొడి తువ్వాలుతో శుభ్రంగా తుడవండి. కాళ్లు పట్టించుకుని, నూనె పాదాలతో బాత్రూముకి లేచి, టైల్స్ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లు మా దగ్గరికి ఇప్పటికి ముగ్గురు వచ్చారు.